సుస్తీ అనే ఒక మాట: అవటు గ్రంథి మాంద్యము, వైద్యుని వద్దకు వెళ్లే ముందు చేసుకోవలసిన సన్నాహము

‘సుస్తీ’ అనే మాట ఉర్దూలోను ఉన్నది, తెలుగులోను ఉన్నది. ఉర్దూ మాట్లాడేవారు దానిని బద్ధకము, మందకొడితనము, ఒళ్లు కదలని స్థితి అనే అర్థంలో వాడతారు. అదే మాట తెలుగు ఇంటికి వచ్చేసరికి జబ్బు అయింది. ‘ఆయనకు సుస్తీ చేసింది’ అంటే ఒంట్లో బాగా లేదని అర్థమే గాని, సోమరితనం పట్టిందని ఎవరూ అనుకోరు. ఒక భాషలో నింద అయిన మాట మరొక భాషలో వ్యాధి. రెండు భాషల పిల్లలు ఒకే బల్లపై కూర్చునే మన కళాశాలలో ఈ తేడా మూలంగా ఒక అమ్మాయికి దాదాపు సగం విద్యాసంవత్సరం నష్టమైంది. ఆ నష్టంలో మా జంతుశాస్త్ర విభాగానికి కూడా భాగం ఉన్నది కనుక, ఈ పాఠం వ్రాయవలసినవారము మేమే అని తోచింది.

ఆ అమ్మాయి అప్పుడు బి.ఎస్సీ. రెండవ సంవత్సరం చదువుతున్నది. పేరు వ్రాయము, వ్రాయడానికి ఆమె అంగీకరించిన సంగతులను మాత్రమే వ్రాస్తున్నాము. మొదటి సంవత్సరంలో ప్రయోగశాల రికార్డును అందరికంటె ముందు ముగించిన పిల్ల, రెండవ సంవత్సరంలో మొదటి గంటకు రావడం మానివేసింది. వచ్చిన రోజున వెనుక బెంచీలో తల వాల్చేది. తోటివారు పంకా వేయమంటే ఆమె ఆపమనేది. ఈ పంకా తగవు రెండు మూడు సార్లు మా వరకు వచ్చింది. హాజరు పిలిచినప్పుడు ఆమె గొంతు బొంగురుగా, వేరెవరో పలికినట్లుగా వినిపించేది. మేము జలుబు అనుకున్నాము. ‘ఇంత సోమరితనం ఎక్కడ నేర్చుకున్నావు?’ అని మాలో ఒకరు నలుగురి ముందు అడిగారు. హాజరు తగ్గినందున ఇంటికి ఉత్తరం కూడా వెళ్లింది.

ఆ ఉత్తరం వెళ్లిన మూడు వారాలకు మేమే ఆ తరగతికి వినాళ గ్రంథుల పాఠం చెప్పాము. నల్లబల్లను నిలువునా రెండుగా చేసి, అవటు గ్రంథి స్రావం ఎక్కువైతే కలిగే మార్పులను ఎడమ వైపున, తక్కువైతే కలిగే మార్పులను కుడి వైపున వ్రాశాము. అలసట, చలికి ఓర్వలేకపోవడం, బరువు పెరగడం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, జుట్టు రాలడం, గొంతు బొంగురుపోవడం, నాడి మందగించడం, ఋతుస్రావం అధికం కావడం, మరపు, మనసు దిగులుగా ఉండడం. పాఠం చెప్పినవారి కంటికి ఏమీ కనిపించలేదు. పాఠం విన్న పిల్ల మాత్రం ఆ సాయంత్రం నోటుపుస్తకం పట్టుకొని అధ్యాపకుల గది గుమ్మం దగ్గర నిలబడి, ‘సార్, మీరు కుడి వైపు వ్రాసినవాటిలో ఏడు నాకున్నాయి’ అన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మరుసటి రోజు మరి నలుగురు విద్యార్థులు ఇదే మాటతో వచ్చారు. ఆ జాబితాలో నాలుగైదు లక్షణాలు పరీక్షల రోజులలో ఎవరికైనా ఉంటాయి. ఆ నలుగురిలో ఎవరికీ గ్రంథి దోషం లేదని తర్వాత తేలింది; ఒకరికి రక్తహీనత, ఒకరికి రాత్రి రెండు గంటల వరకు సెల్‌ఫోను. కాబట్టి నల్లబల్ల చూసి రోగం నిర్ణయించుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. శరీరంలో జరుగుతున్నదానిని వైద్యునికి సరిగా అందజేయడం ఎట్లా అన్నదే విషయం. నిర్ణయం వైద్యునిది, సాక్ష్యం మనది.

ముందుగా గ్రంథిని గూర్చి కొంత. అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, మెడ ముందు భాగంలో కంఠమణికి దిగువన శ్వాసనాళాన్ని అంటిపెట్టుకొని సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 15 నుండి 25 గ్రాములు. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను ఏరి తెచ్చుకొని అది థైరాక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి కనుక దానిని టీ4 అంటారు. ఒక అయోడిన్ తొలగితే టీ3; కణాలలో చురుకుగా పని చేసేది ఇదే. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్నది ఎంత త్వరగా వేడిగా మారాలి, పేగు ఎంత చురుకుగా కదలాలి, చర్మం, జుట్టు ఎంత వేగంగా పెరగాలి అనే సంగతులన్నీ ఈ హార్మోను మీద ఆధారపడతాయి. అందుకే ఒక్క గ్రంథి మందగిస్తే, పరస్పరం సంబంధం లేనట్లు కనిపించే పది బాధలు ఒకేసారి వస్తాయి. చూసేవారికి అవి పది జబ్బులుగా గాని, లేదా జబ్బే కానట్లుగా గాని కనిపిస్తాయి.

ఈ గ్రంథిపై అధికారం మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథిది. అది టీ.ఎస్.హెచ్. అనే హార్మోనును పంపి అవటు గ్రంథి చేత పని చేయిస్తుంది. ఇంట్లో పని మందగించేకొద్దీ పెద్దవారి కేకలు హెచ్చినట్లు, అవటు గ్రంథి నెమ్మదించేకొద్దీ టీ.ఎస్.హెచ్. పెరుగుతుంది. ఈ తలక్రిందుల లెక్క తెలియక, రిపోర్టులో అంకె పెద్దదిగా ఉండడం చూసి ‘థైరాయిడ్ ఎక్కువైంది’ అని ఇంటికి వచ్చి చెప్పేవారు కోకొల్లలు. నిజానికి వారికి తక్కువైనది. ‘నాకు థైరాయిడ్ ఉన్నది’ అనే వాడుక మాట కూడా ఇటువంటిదే. థైరాయిడ్ అందరికీ ఉండవలసినదే. వైద్యునికి చెప్పవలసింది అది ఎక్కువగా పని చేస్తున్నదని ఇదివరకు తేలిందా, తక్కువగా పని చేస్తున్నదని తేలిందా అన్నది.

ఈ మాంద్యాన్ని వైద్యశాస్త్రం గుర్తించి ఎంతో కాలం కాలేదు. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ పెద్దవయసు స్త్రీలలో ఈ స్థితిని వర్ణించాడు. 1878లో విలియం ఆర్డ్ దానికి మిక్సిడీమా అని పేరు పెట్టాడు. 1883లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో థియొడోర్ కోఖర్ అనే శస్త్రవైద్యుడు, గళగండానికి మొత్తం గ్రంథిని తొలగించిన తన రోగులు తర్వాత తర్వాత శరీరంలోను, బుద్ధిలోను మందగించిపోయారని తానే వెల్లడించాడు. తన శస్త్రచికిత్స చేసిన హానిని దాచకుండా ప్రకటించిన ఆయనకు 1909లో నోబెల్ బహుమతి లభించింది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే 46 సంవత్సరాల స్త్రీకి గొర్రె అవటు గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకొని మరి 28 సంవత్సరాలు జీవించి, 1919లో మరణించింది. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరు చేశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు మందుల షాపులో దొరికే చిన్న తెల్ల మాత్ర వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

తెలుగువారు గుర్తుంచుకోవలసిన పేరు మరొకటి కలదు. 1921లో శ్రీకాకుళంలో జన్మించి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయ పాదప్రాంతమైన కాంగ్రా లోయలో ఒక పరిశోధన ఆరంభించారు. లోయను భాగాలు చేసి, కొన్నింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. అయోడిన్ ఉప్పు తిన్న ప్రాంతాలలో గళగండం తగ్గుముఖం పట్టింది. 1962లో మొదలైన జాతీయ గళగండ నివారణ కార్యక్రమానికి ఈ ఉప్పే ఆధారమైంది. అయోడిన్ ఉప్పు అందుబాటులో ఉన్న చోట్ల ఇప్పుడు మాంద్యానికి ముఖ్య కారణం వేరు. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత గ్రంథినే శత్రువుగా భావించి నశింపజేయడం. 1912లో దీనిని వర్ణించిన జపాన్ వైద్యుడు హషిమోటో పేరుతోనే దానిని పిలుస్తారు. ఇది పురుషులలో కంటె స్త్రీలలో చాలా ఎక్కువ.

తిరిగి మన విద్యార్థిని సంగతికి వద్దాము. ఆమె అప్పటికే ఒకసారి వైద్యుని చూసి వచ్చింది. వెంట అన్నగారు వెళ్లారు. ‘ఏమమ్మా బాధ?’ అని వైద్యుడు తెలుగులో అడిగితే ‘సుస్తీ’ అన్నది. ఆయన తెలుగు అర్థంలో విని, ‘సుస్తీ అని తెలుసు, అందుకే వచ్చావు, ఏమిటది?’ అన్నారు. ఆమె తడబడింది. అన్నగారు కల్పించుకొని ‘కమ్‌జోరీ సార్’ అన్నారు. బలానికి ఒక టానిక్కు, పది మాత్రలు వ్రాసి ఇచ్చారు. బయట వరండాలో ఓపీ చీటీలు పట్టుకొని ఇంకా అరవై మంది నిలబడి ఉన్నారు. ఆ వైద్యునిది తప్పని మేము అనలేము. ఆయనకు అందినది ఒకే ఒక్క మాట. ఆ మాటకు తగిన మందు ఇచ్చారు. పదకొండు లక్షణాలున్న పిల్ల వాటిలో ఒక్కటి కూడా చెప్పకుండా తిరిగి వచ్చింది.

ఆ రెండవ సాయంత్రం మేము ఆమెను కూర్చోబెట్టి ఒక తెల్ల కాగితం ముందు పెట్టాము. ఒక్క పుట మించరాదని నియమం. వైద్యునికి నాలుగు పుటలు చదివే తీరిక ఉండదు, చదవాలని కోరడం న్యాయమూ కాదు.

మొదట వచ్చిన కష్టం మాటలది. ‘కమ్‌జోరీ’ అనే ఒక్క మాటలో ఎన్ని బాధలు దాగి ఉన్నాయో అప్పుడే మాకు తెలిసింది. నిద్ర ముంచుకు రావడం ఒకటి. నిద్ర పోయినా బడలిక తీరకపోవడం, అంటే ఉర్దూలో థకన్, మరొకటి. నేల మీద కూర్చుంటే చేయి ఆనకుండా లేవలేకపోవడం, ఇది కండరాల బలహీనత, ఇంకొకటి. వైద్యునికి ఈ మూడూ మూడు దారులు చూపుతాయి. తెలుగు ‘నీరసం’ కూడా ఇంతే. అన్నం తినకపోయినా నీరసమే, ప్రేమలో విఫలమైనా నీరసమే. ‘చక్కర్’ అంటే ఉర్దూలో కళ్లు తిరగడం. దానిని ‘చక్కెర’గా విని మధుమేహం పరీక్షకు చీటీ వ్రాయించుకున్న పెద్దావిడ ఒకరు మాకు తెలుసు! మాట బదులు పని చెప్పడం మేలు అని అప్పుడు నిశ్చయించాము. ‘చాలా అలసట’ అని కొట్టివేసి, ‘రెండవ అంతస్తుకు ఎక్కడానికి మధ్యలో ఒకసారి ఆగుతున్నాను, నిరుడు ఆగేదానను కాను’ అని వ్రాసింది. ‘చలి ఎక్కువ’ అని కొట్టివేసి, ‘అందరూ పంకా వేసుకునే గదిలో శాలువ కప్పుకుంటున్నాను’ అని వ్రాసింది. ఆ వాక్యం చదివినప్పుడు మాలో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత కాలం. ‘చాలా రోజులుగా’ అంటే వైద్యునికి ఏమీ తెలియదు. తారీఖు జ్ఞాపకం లేకపోతే పండుగలు, పరీక్షలు, పెళ్లిళ్లు జ్ఞాపకం ఉంటాయి. బక్రీదుకు కొత్త గాజులు వేసుకుంటే సులభంగా ఎక్కాయి. దసరా సెలవులకు అవే గాజులు సబ్బు లేకుండా ఎక్కలేదు. చేతులు ఉబ్బడం ఆ మధ్య మొదలైందన్న మాట. బరువు ఐదు నెలల్లో నాలుగు కిలోలు పెరిగింది. తిండి మాత్రం తగ్గింది. ఈ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. బరువు పెరిగిందని మాత్రమే చెబితే తిండి తగ్గించమంటారు.

కొలవగలిగినదానిని కొలిచాము. ఉదయం మంచం దిగకముందు మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం నాడి లెక్కించడం ఆమెకు నేర్పాము. బొటనవేలితో నాడి చూడరాదు. దానికి సొంత నాడి ఉన్నది. మామూలుగా పెద్దవారిలో నిమిషానికి 60 నుండి 100 ఉండాలి. ఆమెకు ఐదు రోజులు వరుసగా 54కు, 57కు మధ్య ఉన్నది. రోజూ పరుగెత్తే ఆటగానికి ఆ అంకె ఆరోగ్య చిహ్నం కావచ్చును. మెట్ల మధ్య ఆగే పిల్లకు కాదు. నెలసరి తేదీలు, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గుడ్డలు మార్చవలసి వచ్చినది అనే లెక్కను మా విభాగంలోని అధ్యాపకురాలు ఒకరు విడిగా వ్రాయించారు. కాలకృత్యాలు ఎన్ని రోజులకొకసారి అన్నది వ్రాయడానికి పిల్ల సిగ్గుపడింది. కప్ప పేగును కోసి బొమ్మ గీసిన వారు తమ పేగును గూర్చి వ్రాయడానికి సిగ్గుపడడం మాకు వింతగా తోచింది. అయినా మేమూ ఆ వయసులో అంతే.

అన్నింటికంటె ఉపయోగపడిన సాక్ష్యం మేము అనుకోనిది. కాగితం మడిచి పెట్టుకునేటప్పుడు ఆమె సంచిలోనుండి కళాశాల గుర్తింపు కార్డు క్రింద పడింది. మొదటి సంవత్సరంలో చేరినప్పటి ఫోటో అది. ఆ ముఖానికి, మా ఎదుట ఉన్న ముఖానికి పోలిక వెదకవలసి వచ్చింది. కనురెప్పలు ఉబ్బి, కనుబొమల చివర్లు పలుచబడి ఉన్నాయి. మెల్లమెల్లగా వచ్చే మార్పును రోజూ చూసేవారు గమనించరు. పాత ఫోటో ఒకటి వెంట తీసుకొని వెళ్లమని అప్పటినుండి అందరికీ చెబుతున్నాము.

ఇక మందులు. వాడుతున్న ప్రతి మాత్ర రేకును, సీసాను, పొడి పొట్లాన్ని సంచిలో వేసుకొని వెళ్లాలి. హకీము గారి మాజూను, వైద్యరాజు గారి చూర్ణము, స్నేహితురాలు ఇచ్చిన జుట్టు మాత్ర, ఏదీ మినహాయింపు కాదు. లిథియం, అమియోడరోన్ వంటి కొన్ని మందులు అవటు గ్రంథి పనినే మారుస్తాయి. జుట్టు, గోళ్ల కోసం అమ్మే మాత్రలలో సాధారణంగా ఉండే బయోటిన్ మరొక చిక్కు తెస్తుంది. అది గ్రంథిని ఏమీ చేయదు గాని చాలా ప్రయోగశాలల పరీక్ష పద్ధతిని తప్పుదారి పట్టించి, టీ.ఎస్.హెచ్. ఉన్నదానికంటె తక్కువగా చూపవచ్చును. జుట్టు రాలడం మాంద్యపు లక్షణం. జుట్టు కోసం వేసుకున్న మాత్ర ఆ మాంద్యాన్ని కప్పిపుచ్చుతుంది! రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు దానిని ఆపమంటారు. పెద్ద మోతాదు అయితే ఎన్ని రోజులన్నది వైద్యుని అడగాలి.

కుటుంబ చరిత్ర దగ్గర కాగితం ఆగిపోయింది. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నదా?’ అంటే ‘లేదు’ అన్నది. రెండు రోజుల తర్వాత వచ్చి, తన ఖాలా, అంటే తల్లి చెల్లెలు, పెళ్లికి ముందునుండి రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటున్నదని, ఆ మాత్ర దేనికన్నది ఇంట్లో ఇంతవరకు ఎవరూ పిల్లలకు చెప్పలేదని అన్నది. కారణం అడగనవసరం లేదు. ఆడపిల్లకు జబ్బు అని బయటికి పొక్కితే సంబంధాలు రావని భయం. ఈ భయం ఉర్దూ ఇళ్లలోను ఉన్నది, తెలుగు ఇళ్లలోను ఉన్నది. ఇందులో మాత్రం రెండు భాషలకు తేడా లేదు. తల్లిదండ్రులకు మేము చెప్పదలచినది ఇది. అవటు గ్రంథి మాంద్యానికి మందు ఉన్నది, చవక, దానితో స్త్రీలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, బిడ్డలను కంటున్నారు. గుర్తించకుండా, మందు లేకుండా గర్భం ధరించినప్పుడే గర్భస్రావం వంటి ప్రమాదాలు పెరుగుతాయి; తొలి నెలలలో శిశువు మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్‌పై ఆధారపడి ఉంటుంది. దాచినందువల్ల ఆ ఇంటి పెళ్లికూతురికి గాని, ఆమె కనబోయే బిడ్డకు గాని మేలు లేదు. బొల్లి, బాల్యంలో వచ్చే మధుమేహం కుటుంబంలో ఉన్నా చెప్పడం మంచిది. సొంత కణాలపై శరీరం దాడి చేసే జబ్బులు ఒకే కుటుంబంలో కలిసి కనిపించడం కద్దు.

ఎవరు వెంట వెళ్లాలి అన్నది కూడా సన్నాహంలో భాగమే. అన్నగారు మంచివారే, చెల్లెలిపై ప్రేమ ఉన్నవారే. కాని ఆయన పక్కన కూర్చుంటే నెలసరి మాట ఆ పిల్ల నోట రాదు. రెండవసారి తల్లి వెళ్లింది. అన్నగారూ వస్తామన్నారు. ‘భాయీజాన్, నంబరు పిలిచేవరకు చీటీ మీరు పట్టుకోండి, లోపలికి అమ్మీ వస్తుంది’ అని ఆ అమ్మాయే సర్దుబాటు చేసింది. తల్లికి తెలుగు అంతగా రాదు కనుక, వైద్యుడు చెప్పినది అక్కడికక్కడే ఉర్దూలో వ్రాసుకొని, తిరిగి తెలుగులో ఆయనకే చదివి వినిపించమని చెప్పాము. ‘నేను విన్నది సరేనా?’ అని అడిగితే ఏ వైద్యుడూ కోపగించుకోడు.

ఒక హెచ్చరిక కూడా చేసి పంపాము. ‘నాకు థైరాయిడ్ జబ్బు, మాత్ర వ్రాయండి’ అనవద్దు. రక్తహీనత, బి12 విటమిను లోపం, మధుమేహం, మనసు కుంగుబాటు ఇవన్నీ ఇదే వేషంతో వస్తాయి. ‘ఈ మార్పులకు కారణం ఏమై ఉండవచ్చు? థైరాయిడ్ పరీక్ష అవసరమంటారా?’ అని అడగమన్నాము. కాగితం పైభాగంలో మూడే మూడు ముఖ్య బాధలు, వాటికి ఆరు నెలల గడువు. మిగిలినవి అడిగితే చెప్పడానికి.

వైద్యుడు కాగితం అర నిమిషంలో చదివారట. గుర్తింపు కార్డు చూశారు. మెడ తాకి, నీళ్లు మింగమని చూశారు. మడమ వెనుక చిన్న సుత్తితో తట్టారు. పాదం కదిలిన తర్వాత యథాస్థానానికి రావడానికి మామూలుకంటె ఎక్కువ సేపు పట్టింది. కండరం సడలడంలో ఈ ఆలస్యం మాంద్యానికి పాత గుర్తు. రక్తపరీక్షలో టీ.ఎస్.హెచ్. ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉన్నది, టీ4 తక్కువ. దానితో పాటు రక్తహీనత కూడా ఉన్నది. ఒక జబ్బు దొరికిందని రెండవదానిని వెదకడం మానరాదని దీనివల్ల మేమూ నేర్చుకున్నాము.

అంకెలను గూర్చి రెండు మాటలు. టీ.ఎస్.హెచ్. సాధారణ పరిధి లీటరుకు సుమారు 0.4 నుండి 4 మిల్లీ యూనిట్లు. ప్రయోగశాలను బట్టి కొంచెం మారుతుంది, కనుక ఆ కాగితంపై అచ్చువేసిన పరిధినే చూడాలి. ఇది రాత్రి, తెల్లవారుజామున హెచ్చుగా, మధ్యాహ్నం తగ్గి ఉంటుంది. అందువల్ల ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే ప్రయోగశాలలో ఇవ్వడం మేలు. టీ4 సరిగా ఉండి టీ.ఎస్.హెచ్. మాత్రం కొంచెం పెరిగి ఉంటే వెంటనే మాత్ర అవసరం కాకపోవచ్చును. రెండు మూడు నెలలకు తిరిగి పరీక్షించమంటారు. 10 దాటితే సాధారణంగా చికిత్స వైపు మొగ్గు చూపుతారు. గర్భిణుల విషయం వేరు. వారు ఆలస్యం చేయరాదు.

మందు వ్రాసిన తర్వాత అడగవలసినవి కూడా ముందే వ్రాసుకొని వెళ్లాలి. ఎప్పుడు వేసుకోవాలి, దేనితో వేసుకోరాదు, తిరిగి ఎప్పుడు పరీక్ష. థైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకొని, అర గంట నుండి గంట వరకు టీ, కాఫీ, ఫలహారం ముట్టరాదు. ఇనుము, కాల్షియం మాత్రలకు దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి. మన విద్యార్థినికి రక్తహీనతకు ఇనుము మాత్ర కూడా ఉన్నది కనుక, ఈ ప్రశ్న అడగకపోయి ఉంటే రెండూ కలిపి మింగి ఉండేది. రంజాను నెలలో ఈ మాత్ర ఎప్పుడు అన్నది ఆ నెల రాకముందే అడగాలి. ఇఫ్తారు వేళ ఆహారానికి అర గంట ముందు, లేదా రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకు, లేదా సహరీకి ముందు అనే మార్గాలున్నాయి. ఎవరికి ఏది కుదురుతుందో వైద్యుడు చెబుతారు. చాలామంది తమంతట తామే నెలపాటు మాత్ర మానివేసి, పండుగ నాటికి నీరసించి ‘ఉపవాసాల బడలిక’ అనుకుంటారు.

ఫలితం వెంటనే రాదు. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికే వారం రోజులు పడుతుంది. మోతాదు స్థిరపడడానికి ఐదారు వారాలు. అందుకే ఆరు నుండి ఎనిమిది వారాలకు తిరిగి పరీక్ష. పది రోజులు వాడి ‘గుణం లేదు’ అని మానడమూ, మూడు నెలలు వాడి ‘బాగైంది’ అని మానడమూ ఒకే పొరపాటుకు రెండు రూపాలు. పచ్చి క్యాబేజీ, ముల్లంగి మాని రోగం పోగొట్టుకోవచ్చుననే ప్రచారం వినిపిస్తుంది. వండిన కూరగా మామూలుగా తింటే వాటికి భయపడనక్కర లేదు. అవి మానినంత మాత్రాన పాడైన గ్రంథి తిరిగి రాదు.

అపాయింట్‌మెంటు కోసం ఎదురు చూడరాని సందర్భాలు కూడా చెప్పాలి. లేపినా లేవనంత మగత, మాట తడబడడం, ఒళ్లు చల్లబడడం, శ్వాస మందగించడం కనిపిస్తే, లేదా మెడలో గడ్డ త్వరత్వరగా పెరిగి మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే, కాగితాలు వెదకకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

కళాశాల కమిటీవారికి ఈ సందర్భంగా ఒక విన్నపం. హాజరు తగ్గిన విద్యార్థి ఇంటికి ఉత్తరం పంపే ముందు, ఆ విద్యార్థిని పిలిచి ‘ఒంట్లో ఎట్లా ఉన్నది?’ అని అడిగే బాధ్యత ఒక అధ్యాపకునికో, అధ్యాపకురాలికో అప్పగించాలి. ఆ ప్రశ్న రెండు భాషలలోను అడగాలి. కార్యాలయం ఉత్తరంలో ‘అశ్రద్ధ’ అని ముందే అచ్చయి ఉన్న మాటను తీసివేయాలి. బరువు తూచే యంత్రం ఒకటి, రక్తపోటు చూసే పరికరం ఒకటి మా ప్రయోగశాలలో ఉన్నాయి. వాటిని వారానికి ఒక సాయంత్రం విద్యార్థులందరికీ తెరచి ఉంచడానికి మేము సిద్ధము.

ఆ అమ్మాయి ఆ సంవత్సరం రెండు పేపర్లు తప్పింది. తర్వాతి పరీక్షలో రెండూ గట్టెక్కింది. నలుగురి ముందు ఆ ప్రశ్న అడిగినవారు నలుగురి ముందే క్షమాపణ చెప్పారు. ఆమె తల వంచుకొని నవ్వి ఊరుకున్నది. మార్చి నెలలో ఒక రోజు మొదటి గంట పాఠం జరుగుతూ ఉండగా వెనుక బెంచీనుండి ‘సార్, పంకా వేయమంటారా?’ అని ఎవరో అడిగారు. గొంతు గుర్తు పట్టడానికి మాకు కొంత సేపు పట్టింది. ఆమె వ్రాసిన కాగితం నకలు, పేరు తీసివేసి, ఒక వైపు తెలుగులోను, మరొక వైపు ఉర్దూలోను, మా విభాగం గది తలుపు వెనుక అంటించి ఉన్నది. కావలసినవారు వచ్చి వ్రాసుకొని వెళ్లవచ్చును.